పెద్దమ్మ లేదంది

బుధవారం సాయంత్రం ఐదున్నరకి, సమాధాన కూటంలో, వంట పెద్దమ్మ లేచి నిలబడి "లేదు" అంది.

హాల్లో అరవై మూడు మంది ఉన్నారు. ఆమె పోగా మిగిలిన అరవై రెండు మందీ ఆమె వైపు తిరిగారు. హెడ్మాస్టారు పేర్ల పుస్తకంలో టిక్కు పెట్టడానికి పెన్సిలు ఎత్తారు. ఎత్తిన పెన్సిలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"ఏమన్నారు పెద్దమ్మగారూ?"

"లేదన్నాను సార్."

"అంటే..."

"అంటే లేదనే సార్" అని కూర్చుంది.

అది మెన్నోనైట్ అనే క్రైస్తవ సంఘంవాళ్ళు నడిపే హైస్కూలు. చుట్టూ పొలాలు. మధ్యలో రెండు హాస్టళ్ళు, ఎనిమిది తరగతి గదులు, ఒక వంటశాల, ఒక వడ్రంగి షెడ్డు, ఒక బస్సు. హాస్టళ్ళలో పిల్లలు నూటపన్నెండు మంది. పక్కనున్న ఊళ్ళో ఇళ్ళు అన్ని లేవు.

ఆ సంఘంలో ప్రభు భోజనం, అంటే యేసుని తలుచుకుంటూ అందరూ కలిసి రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడం, ఏడాదికి రెండుసార్లే. దానికి ముందు బుధవారం సమాధాన కూటం పెడతారు. టీచర్లు, పనివాళ్ళు, పెద్ద తరగతుల పిల్లలు, ఊళ్ళోని సంఘస్థులు, బాప్తిస్మం తీసుకున్న ప్రతివాళ్ళూ వస్తారు. హెడ్మాస్టారు ఒక్కో పేరూ పిలిచి ఒకటే ప్రశ్న అడుగుతారు. "దేవుడితోనూ, ఇక్కడున్న ప్రతి మనిషితోనూ మీకు సమాధానమేనా?" ఎవరి మీదా కోపం గానీ, కడుపులో దాచుకున్నది గానీ లేదు కదా అని దాని అర్థం. పేరు పిలిచినవాళ్ళు లేచి "సమాధానమే" అనాలి. ఒక్కరు లేదన్నా భోజనం ఆగిపోతుంది. ఆ ఒక్కరికే కాదు, అందరికీ. శనివారం సాయంత్రం దాకా గడువు. అప్పటికీ తెగకపోతే ఆర్నెల్లు వాయిదా.

ఇంకో నియమం ఉంది. లేదన్న మనిషిని ఎవరితో అని గానీ, ఎందుకని గానీ ఎవరూ అడగకూడదు. మనసులో ఉన్నవాళ్ళే వెళ్ళి, ఆ రెండోవాళ్ళతోనే, మూడో మనిషి లేకుండా మాట్లాడుకోవాలి. అసలు ఈ సంఘంవాళ్ళు కోర్టుకెళ్ళినా ఒట్టు వేయరు. మామూలుగా అన్నమాటే ఒట్టంత గట్టిగా ఉండాలంటారు.

ఇరవై రెండేళ్ళుగా పెద్దమ్మ ఆ కూటానికి వస్తోంది. ఆ హాల్లో ఎవరైనా లేదనడం ఆమె ఎప్పుడూ వినలేదు. మొదటిసారి విన్నది తన నోటే.

ముందు బెంచీ మీద ఐదుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. ఆదివారం ప్రభు భోజనానికి ముందు వాళ్ళకి బాప్తిస్మం. పుట్టగానే ఇచ్చే అలవాటు ఇక్కడ లేదు. ఊహ తెలిశాక, తనంతట తాను అడిగితేనే ఇస్తారు. అడిగినవాళ్ళని కూటంలో ఆఖర్న పిలిచి ఆ ప్రశ్న జీవితంలో మొదటిసారి అడుగుతారు. బుధవారం వాళ్ళ వంతు రాలేదు. పెద్దమ్మ దగ్గరే కూటం ఆగిపోయింది.

ఆ ఐదుగురిలో ఒకతె పెద్దమ్మ మేనకోడలు, తమ్ముడి కూతురు. ఆరో తరగతి నుంచీ హాస్టల్లో ఉండి అత్త చేతి వంట తిని పెరిగింది. చదువు అయిపోయింది. సోమవారం పొద్దున్న బస్సులో నర్సింగు స్కూలుకి వెళ్ళిపోతుంది. అక్కడ మొదటి ఏడాది సెలవుల్లేవు. ఆదివారం తప్పితే తన వాళ్ళ మధ్య ఆ పిల్ల బాప్తిస్మం ఎప్పటికో ఎవరూ చెప్పలేరు.

కూటం అయ్యాక వరండాలో ఆ పిల్ల అత్త కొంగు పట్టుకుని ఆపింది.

"అత్తా, ఏంటిది?"

"ఏది?"

"ఏదా? నా ఆదివారం! నాన్న టిక్కెట్లు కూడా తీసుకున్నాడు. పిన్నీ వాళ్ళూ, తాతయ్యా, అందరూ వస్తున్నారు. ఎవరితో నీకు గొడవ?"

"అడక్కూడదు."

"నేను కూడానా?"

"నువ్వూ మూడో మనిషివే."

"సరే, ఎవరో చెప్పకు. పెద్ద గొడవా, చిన్న గొడవా? అది చెప్పు."

"నాలుగంగుళాలు" అంది పెద్దమ్మ. అని వంటశాల వైపు నడిచింది. మేనకోడలికి ముక్క అర్థం కాలేదు.

నాలుగంగుళాల కథ ఇది. పెద్దమ్మ ఐదడుగుల పది అంగుళాల మనిషి. పిల్లలు ఎదురుగా పెద్దమ్మ అని, వెనకాల నిచ్చెన అని అంటారు. ఆమె వంటకి కుదిరిన ఏడాది, అప్పటి వడ్రంగి మాస్టారు ఆమెను వంటశాలలో చెప్పులతో నిలబెట్టి, మోచెయ్యి మడవమని, నేల నుంచి మోచేతికి బెత్తెడు కిందకి కొలిచాడు. మూడడుగుల రెండంగుళాలు వచ్చింది. ఆ ఎత్తుకి ఎనిమిదడుగుల పొడవున బల్ల చేశాడు. ఆ మాస్టారు ఆమె భర్తే. ఆయన పోయి ఏడేళ్ళయింది. పదిహేనేళ్ళు ఆయన పక్కన రంపం పట్టిన శిష్యుడే ఇప్పటి వడ్రంగి మాస్టారు. ఆయన్ని అన్నయ్యా అని పిలిచేవాడు గనక ఈమెను వదినా అంటాడు.

ఆ స్కూల్లో చాటు సేవ అని ఒక వారం ఉంటుంది. ఆ వారంలో ఒకరికి పనికొచ్చే పని ఇంకొకరు వాళ్ళకి తెలియకుండా చెయ్యాలి. ముందు చెప్పకూడదు. చేశాక నేనే చేశానని చెప్పుకోకూడదు. అందుకున్నవాళ్ళు ఎవరు చేశారని అడక్కూడదు. పోయిన ఏడాది ఆ వారంలో పెద్దమ్మ నాలుగు రోజులు తమ్ముడింటికి వెళ్ళింది. తిరిగి వచ్చి వంటశాల తలుపు తీసేసరికి నలభై మంది పిల్లలు చప్పట్లు కొట్టారు. బల్లకి కొత్తగా నూనె పట్టించి ఉంది. పెద్దమ్మ అలవాటు ప్రకారం బల్ల మీద చెయ్యి వేయబోయింది. చెయ్యి గాల్లో పడింది. నాలుగంగుళాల కింద తగిలింది బల్ల.

"ఎలా ఉంది పెద్దమ్మా?" అన్నారు పిల్లలు.

"చాలా బాగుంది" అంది.

ఆ మాటే ఆమె మెడకి చుట్టుకుంది. రోజుకి పన్నెండు కిలోల పిండి వంగి కలపాల్సి వచ్చింది. నడుం పట్టేసింది. సాయంత్రం అయ్యేసరికి గోడ పట్టుకుంటే గానీ నిటారుగా నిలబడలేకపోయేది. ఎవరికి చెబుతుంది? చెబితే ఇచ్చినదాన్ని కాళ్ళతో తన్నినట్టు. పైగా అందరి ముందూ బాగుందని అన్న మనిషి తనే. ఎవరు కోశారో అడక్కపోయినా తెలుసు. నాలుగు కాళ్ళూ వెంట్రుకవాసి తేడా లేకుండా కోయగలవాడు ఆ చుట్టుపక్కల ఒక్కడే. పైగా నెలకోసారి వచ్చి, "బల్ల ఎలా ఉంది వదినా?" అని అడిగి పోతాడు.

"ఉంది" అనేది పెద్దమ్మ.

ఆర్నెల్ల కిందటి కూటంలో గుటక మింగి "సమాధానమే" అనేసింది. ఈసారీ అనేసేదే. కానీ మంగళవారం మేనకోడలు వచ్చి, "అత్తా, మనకి నిజంగా సమాధానం ఉందో లేదో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది. "ఏముంది, అబద్ధం ఆడకుండా లేచి చెప్పగలిగితే ఉన్నట్టే" అంది పెద్దమ్మ. బుధవారం లేచి నిలబడేసరికి ముందు బెంచీ మీద నుంచి ఆ పిల్ల మెడ తిప్పి తననే చూస్తోంది. ఇక అబద్ధం నోటికి రాలేదు.

గురువారం పొద్దున్న ఆరు గంటలకి బస్సు డ్రైవరు వంటశాల గుమ్మంలో నిలబడ్డాడు.

"పెద్దమ్మా, నాతోనే కదా?"

"ఏంటి నీతో?"

"ఆ ఆకుకూర మడి. పోయిన వానాకాలం గొడ్లు తొక్కాయని చెప్పాను కదా. గొడ్లు కాదు. బస్సు వెనక్కి తిప్పుతూ నేనే తొక్కించాను."

"గొడ్లకి టైర్లుంటాయంట్రా? గుర్తులు చూసినప్పుడే తెలుసు నాకు. పో."

"అయితే నాతో కాదా?"

"చెప్పకూడదు. పోయేముందు ఆ బస్తా లోపల పడెయ్."

అతను బస్తా లోపల పెట్టి, ఇంకో రెండు బస్తాలు కూడా పెట్టి వెళ్ళాడు.

ఏడింటికి ఏడో తరగతి అమ్మాయిలు ఇద్దరు వచ్చారు. ఒకరి వెనక ఒకరు దాక్కోబోయారు గానీ ఇద్దరిదీ ఒకటే ఒడ్డూ పొడుగూ.

"పెద్ద గరిటె పోయిందన్నావు కదా పెద్దమ్మా, పోలేదు. మా చేతుల్లో విరిగింది. బాత్రూముల వెనక పూడ్చేశాం."

"పూడ్చారా?"

"ప్రార్థన కూడా చేశాం."

పెద్దమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. నవ్వు ఆపుకోవడానికి పొయ్యిలో కట్టె సర్దింది.

ఇంటర్వెల్లో లెక్కల మాస్టారు వచ్చారు. మీ వంటలో ఉప్పు మీద స్టాఫ్ రూములో ఒక గ్రాఫు గీసిన మాట నిజమేనని ఒప్పుకున్నారు.

"ఉప్పు మీద గ్రాఫేంటి మాస్టారూ?"

"సోమవారం నుంచి శనివారం దాకా. పైకీ కిందకీ పోతుంది."

"గోడకి అంటించారా?"

"బీరువా తలుపుకి. లోపలి వైపు."

"తెచ్చి చూపించండి. ఏ రోజు ఎక్కువవుతోందో నాకూ తెలియాలి."

మధ్యాహ్నం పాటల మాస్టారు వచ్చారు. ఆ సంఘంలో వాయిద్యాలుండవు. నాలుగు గొంతుల వరసల్లో నిలబడి పాడతారు. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పేది ఆయనే.

"పధ్నాలుగేళ్ళుగా మిమ్మల్ని ఆఖరి వరసలో నిలబెడుతున్నాను పెద్దమ్మగారూ. ఎత్తుగా ఉంటారు, వెనకవాళ్ళకి కనపడదు అని చెప్పాను."

"అవును."

"ఎత్తు వల్ల కాదండీ."

పెద్దమ్మ గరిటె రెండుసార్లు తిప్పింది. "మరి?"

పాటల మాస్టారు కప్పు వైపు చూశారు. ఆమె కూడా కప్పు వైపు చూసింది. తర్వాత, "సరేలెండి, అర్థమైంది" అంది. ఈ దెబ్బ మాత్రం సాయంత్రం దాకా సలిపింది. సాయంత్రం పిల్లలకి వడ్డిస్తూ పాట అందుకోబోయి, ఆగి, తనలో తను నవ్వుకుంది. అంతటితో అదీ పోయింది.

చీకటి పడకముందే హెడ్మాస్టారు వచ్చారు. చేతులు వెనక్కి కట్టుకుని పొయ్యిల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు.

"ఎవరితో అని నేనడగను. నియమం నియమమే. ఊరికే ఇటు వచ్చాను."

"కూర్చోండి సార్."

"పొగగొట్టం..." అని ఆయన పైకి చూశారు. "మూడేళ్ళ కిందట పెట్టిస్తానని మాటిచ్చాను కదా."

"నాలుగేళ్ళు సార్."

"నాలుగా!" అని ఆయన వెళ్ళిపోయారు. శుక్రవారం పది గంటలకల్లా మేస్త్రీ కప్పు ఎక్కాడు. పదకొండుకి కుళాయి బాగుచేసేవాడు వచ్చాడు. పన్నెండుకి కట్టెలు ఎవరో పేర్చి పెట్టి పోయారు. ఇరవై రెండేళ్ళు సమాధానమే అంటే కాని పనులు ఒక్క లేదుతో రెండు రోజుల్లో అయ్యాయని పెద్దమ్మ లెక్క వేసుకుంది. ఇంకో లెక్క కూడా వేసుకుంది. బుధవారం ఆమెకి ఒక్కడి మీదే కోపం. శుక్రవారానికి తొమ్మిది మంది వచ్చి తెలియని తప్పులు కూడా చెప్పిపోయారు. తొమ్మిదిమందినీ నిలబడ్డచోటే క్షమించింది. ఆ ఒక్కడు మాత్రం అలాగే ఉన్నాడు.

వాడు కూడా వచ్చాడు. శుక్రవారం నాలుగు గంటలకి, చెవి వెనక పెన్సిలుతో.

"వదినా, మీ మనసు ఎవరో కష్టపెట్టారంట."

పెద్దమ్మ పిండి కలుపుతూనే ఉంది.

"వాడెవడో గానీ సిగ్గులేనివాడు. రెండు రోజుల నుంచి స్కూలంతా మీ గుమ్మం తొక్కుతుంటే వాడికి రావాలనిపించదా? మీలాంటి మనిషి చేత లేదనిపించాడంటే వాడు మామూలోడు కాదు."

"కాదు" అంది పెద్దమ్మ.

"నాకు గనక తెలిస్తే చెవి పట్టుకుని మీ ముందు నిలబెడదును." అని అతను బల్లని అరచేత్తో రెండుసార్లు తట్టాడు. "ఇది మాత్రం బాగా కుదిరింది, ఏం?"

అతను వెళ్ళాక పెద్దమ్మ పిండి మీద నాలుగు గుద్దులు గుద్దింది.

చీకటి పడే వేళకి మేనకోడలు వచ్చి గడప మీద కూర్చుంది. ఈసారి కొంగు పట్టుకోలేదు.

"నాన్నకి ఫోన్ చేసి రావద్దని చెప్పమంటావా అత్తా?"

"రేపు సాయంత్రం దాకా గడువుంది కదే."

"తొమ్మిది మంది వచ్చి చెప్పుకున్నారంట. నీ పదోవాడు ఎవడో గానీ వాడికి చెవుడేమో."

"వాడికి చెవులు బాగానే ఉన్నాయి. నాకే నోరు లేదు" అంది పెద్దమ్మ.

ఆ పిల్ల ఇంకేమీ అనకుండా లేచి వెళ్ళింది. పెద్దమ్మకి తిట్టినా అంత కష్టంగా ఉండేది కాదు.

శనివారం మధ్యాహ్నం గిన్నెలు కడిగించి, రెండు గంటలకి పెద్దమ్మ వడ్రంగి షెడ్డుకి నడిచింది. అతను ఒక తలుపు అంచుకి చిత్రిక పడుతున్నాడు.

"ఏమయ్యా, పని ఆపు."

"ఒక్క నిమిషం వదినా, ఈ అంచు ఒక్కటీ..."

"ఆపు."

ఆపాడు.

"ముందు నా తప్పు చెబుతాను. పోయినేడు చాటు సేవ వారంలో పిల్లలందరి ముందూ బల్ల బాగుందన్నాను. అబద్ధం. అస్సలు బాగాలేదు. ఆ రోజు నుంచీ బాగాలేదు. నా నడుం విరిగిపోతోంది. నువ్వు వచ్చి ఎలా ఉంది వదినా అన్నప్పుడల్లా నాకు గరిటె విసరాలనిపిస్తుంది."

అతను చిత్రిక పక్కన పెట్టి దుంగ మీద కూలబడ్డాడు.

"మీరు అబద్ధమాడారా?"

"ఆడాను. బల్ల గురించి చెబుతున్నానయ్యా నేను!"

"బల్ల సరే. మీరా, అబద్ధమా?"

"ఆడానని చెప్పాను కదా! ఎందుకు కోశావది? నిన్నెవరు కొయ్యమన్నారు?"

"మీరే కదా వదినా!"

"నేనా?"

అతను చొక్కా జేబులోంచి చిన్న నోటు పుస్తకం తీశాడు. అట్ట ఊడిపోయింది. వెనక్కి తిప్పుతూ తిప్పుతూ ఒక పేజీ దగ్గర ఆగి చదివాడు. "స్టాఫ్ మీటింగు. వదిన అన్నది. నా బల్ల పిల్లలకి అందడం లేదు. మునివేళ్ళ మీద నిలబడి కూరలు కోస్తున్నారు. ఏదో ఒకరోజు ఎవరిదో వేలు తెగుతుంది. ఎన్నిసార్లు చెప్పినా ఎవరికీ పట్టదు." పుస్తకం మూశాడు. "ఎవరికీ పట్టదన్నారు. నాకు పట్టింది."

పెద్దమ్మకి గుర్తొచ్చింది. ప్రతి అక్షరం తనదే. బల్ల మీద గుద్ది మరీ చెప్పింది.

"ఓ పొడుగు పీట చేసి పెట్టమని కదయ్యా నా ఉద్దేశం!"

"పీట అనలేదు మీరు."

"అనాలా?"

"మరి నాకెలా తెలుస్తుంది?"

"వచ్చి ఒక్కమాట అడిగితే?"

"చాటు సేవ కదా వదినా. అడిగితే చాటు ఎక్కడుంటుంది?"

పెద్దమ్మ కూడా దుంగ మీద కూర్చుంది.

"ఆ కొలత ఎవరిదో నీకు తెలుసు కదా" అంది పెద్దమ్మ. గొంతు తగ్గింది.

"తెలియకేం? కాలు కోయబోతుంటే లోపలి వైపు అన్నయ్య గీసిన పెన్సిలు గీత కనపడింది. చెయ్యి ఆడలేదు. ఆ రోజు కోయకుండా పెట్టేశాను. మర్నాడు, వదినే కదా అడిగింది, ఆయన కొలత కన్నా ఆవిడ మాట ముఖ్యం అనుకుని కోశాను." అతను చేతులకున్న పొట్టు దులుపుకున్నాడు. "మీరు సరిగ్గా మాట్లాడకపోతే, అంచులు గరుకుగా ఉన్నాయేమోనని మధ్యలో రెండుసార్లు వచ్చి గరుకు కాగితం కూడా పట్టాను."

"అది నువ్వా? ఎలకలనుకుని మందు పెట్టించాను."

ముందు నవ్వింది అతనే. ఆమె ఆపుకుంది గానీ ఎక్కువసేపు ఆగలేదు. నవ్వితే నడుం నొప్పి పుట్టి చేత్తో పట్టుకుంది. అది చూసి అతను నవ్వు మానేసి లేచాడు.

"సరే, తెగిపోయింది. సాయంత్రం కూటంలో సమాధానమే అంటాను" అంది పెద్దమ్మ. "బల్ల సంగతి నిదానంగా చూడు."

"మీకు సమాధానమేమో గానీ నాకు కాదు. ఆ బల్ల అలా ఉండగా నేను ఆ హాల్లో లేచి నిలబడలేను. ఇప్పుడు రెండున్నర. కూటం ఆరింటికి. చాలు."

"పిల్లలకి?"

"వాళ్ళ ఎత్తుకి వాళ్ళకి వేరే బల్ల. ఈసారి వాళ్ళని అడిగి చేస్తాను."

ఆరు గంటలకి హాలు నిండింది. హెడ్మాస్టారు పెన్సిలు చెక్కి తెచ్చుకున్నారు. బుధవారం ఎక్కడ ఆగారో అక్కడ నుంచే మొదలుపెట్టారు.

"పెద్దమ్మగారూ, దేవుడితోనూ, ఇక్కడున్న ప్రతి మనిషితోనూ మీకు సమాధానమేనా?"

పెద్దమ్మ లేచింది. "సమాధానమే సార్." ఒక్క క్షణం ఆగి, "నడుంతో తప్ప" అంది.

హెడ్మాస్టారు పుస్తకంలోకి చూశారు. "నడుం పేరు ఇందులో లేదు. కూర్చోండి" అని టిక్కు పెట్టారు. వెనక వరసలో ఎవరో హమ్మయ్య అన్నారు. అది బస్సు డ్రైవరు గొంతు.

పేర్లు సాగాయి. అందరూ సమాధానమే. చివరికి వడ్రంగి మాస్టారి పేరు వచ్చింది. జవాబు లేదు. మళ్ళీ పిలిచారు. ఆ నిశ్శబ్దంలో వంటశాల వైపు నుంచి సుత్తి చప్పుడు రెండుసార్లు వినపడింది.

లెక్కల మాస్టారు వెళ్ళి చూసి వచ్చారు. "ఆయన రాలేరట సార్. బల్ల కాళ్ళకి కింద ముక్కలు అతికిస్తున్నారు, జిగురు పెట్టారు. కాళ్ళు నాలుగు, బిగించే పట్టీలు మూడే ఉన్నాయి. నాలుగో కాలు చేత్తో పట్టుకున్నారు. ఇంకా ముప్పావుగంట వదలకూడదట."

"అయితే ఎలా? ఎవరి జవాబు వాళ్ళే చెప్పాలి, అందరూ వినాలి" అన్నారు హెడ్మాస్టారు. కాసేపు ఆలోచించి పుస్తకం చంకలో పెట్టుకున్నారు. "పదండి."

అరవై రెండు మంది వంటశాలలోకి నడిచారు. పొయ్యిల పక్కన, బస్తాల మీద, గంగాళాల మధ్య ఎవరికి దొరికిన చోట వాళ్ళు నిలబడ్డారు. బల్ల ఒక చివర బస్సు జాకీ మీద ఆని ఉంది. కింద వడ్రంగి మాస్టారు వెల్లకిలా పడుకుని రెండు చేతులతో కాలు పట్టుకుని ఉన్నాడు. బయటికి మోకాళ్ళు మాత్రమే కనపడుతున్నాయి. హెడ్మాస్టారు ఆ మోకాళ్ళ వైపు వంగి ప్రశ్న అడిగారు.

"సమాధానమే సార్" అంది బల్ల. "లేవలేను, క్షమించాలి."

టిక్కు పడింది. ఇక మిగిలింది బాప్తిస్మం పిల్లలు. నలుగురు వరసగా సమాధానమే అన్నారు. ఐదోది మేనకోడలు. హెడ్మాస్టారు ప్రశ్న పూర్తిగా అడిగారు. ఆ పిల్ల ముందుకొచ్చి నిలబడింది.

"లేదు సార్" అంది.

గంగాళం మీద ఎవరిదో మోచెయ్యి తగిలి మూత కింద పడింది.

"ఎవరితో అని అడక్కూడదని తెలుసు సార్. కానీ ఆ మనిషి ఇక్కడే ఉంది. ఐదు నిమిషాలు మీరందరూ వరండాలోకి వెళితే తేల్చుకుంటాను."

హెడ్మాస్టారు గడియారం చూసుకున్నారు. "ఐదే" అన్నారు. వచ్చినవాళ్ళందరూ వచ్చిన దారినే బయటికి వెళ్ళారు. తలుపు మూసుకుంది.

"నేను వెళ్ళలేను" అంది బల్ల.

"నువ్వు చెవులు మూసుకో మావయ్యా."

"చేతులు ఖాళీ లేవమ్మా."

మేనకోడలు అత్త వైపు తిరిగింది.

"బుధవారం నుంచి నాకు తిండి సయించలేదు. నువ్వు వెయ్యిసార్లు వడ్డించావు, నేను తిన్నానో లేదో ఒక్కసారైనా చూశావా? నా ఆదివారం పోతుందేమోనని కాదు. నాతోనే నీకు సమాధానం లేదేమో, నేను వెళ్ళిపోతున్నాననేమో అని మూడు రోజులు ఏడ్చాను. తీరా చూస్తే నాలుగంగుళాలంటే ఈ బల్ల! బల్ల కోసం! ఏడాది నుంచి నీ నడుం నొప్పి పెడుతోందని నాకెందుకు చెప్పలేదు? నర్సునవుతున్నది నేను కదా!"

తొమ్మిది మంది వచ్చి చెప్పుకుంటుంటే విన్నదే గానీ, ఈ పిల్ల దగ్గరికి తను వెళ్ళి చెప్పాలని పెద్దమ్మకి తోచలేదు.

"తప్పే" అంది.

"ఇంకా?"

"ఇంకేంటే?"

"ఇంకెప్పుడూ నొప్పి దాచనని చెప్పు. నేను ఫోన్ చేసినప్పుడు బాగున్నానని ఊరికే అనకూడదు."

"అననులే."

"ఒట్టు వేయమనడానికి మనకి లేదు. మామూలుగా చెప్పు."

"నొప్పి ఉంటే ఉందనే చెబుతాను" అంది పెద్దమ్మ. చెయ్యి చాపి ఆ పిల్ల చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

ఆ పిల్ల అత్త భుజం మీద నుంచే తలుపు వైపు కేక పెట్టింది. "సమాధానమే!"

"లోపలికొచ్చి వింటేనే లెక్కమ్మా" అన్నారు బయట నుంచి హెడ్మాస్టారు.

"రండి సార్. నెమ్మదిగా రండి, ఎవరూ బల్లకి తగలకండి" అన్నాడు కింద నుంచి వడ్రంగి మాస్టారు. "ఇంకో ఇరవై నిమిషాలు."